నీటి బాట - మన బాట



కడప జిల్లాలోని మా బద్వేలుకు పడమట లంకమల కొండలు, తూర్పున వెలిగొండలు ఉన్నవి. నడుమ సగిలేరు దక్షిణంగా పారి పెన్నలో కలుస్తుంది. కొండల మీది నుంచి దిగివచ్చే చిన్న వాగులను ఇక్కడ వంకలంటారు. ఏడాదిలో చాలా రోజులు వంకలో ఇసుకే తప్ప నీరు కనిపించదు. కాని కార్తీకంలో ముసురుపట్టి, కొండమీద ఒక్క రాత్రి గట్టి వాన కురిసిందా, తెల్లవారేసరికి ఆ వంకే రెండు గట్లూ ఒరుసుకొని పారుతుంది.

నేను పనిచేసిన ఒక ఊళ్ళో బడికీ, పల్లెకూ మధ్య ఇటువంటి వంక ఉండేది. అందులో రెండు సన్నని సిమెంటు గొట్టాలు వేసి, పైన మట్టిపోసి బాట చేశారు. ఒక ఏడు వరద వచ్చింది. కొట్టుకువచ్చిన తుమ్మకంప గొట్టాలకు అడ్డం పడింది. నీరు వెనక్కు ఎగదన్ని చేలు మునిగాయి. చివరకు బాటే తెగిపోయింది. పల్లెపిల్లలు వారం రోజులు బడికి రాలేకపోయారు. తప్పు వంకది కాదు. దాని దారిని ఇరుకు చేసిన మనుషులది.

ఈ సంగతి మీరే చేసి చూడవచ్చు. పెరట్లో జానెడు వెడల్పున, ఏటవాలుగా ఒక కాలువ తీయండి. దానికి అడ్డంగా మట్టికట్ట వేసి, కట్టలో ఒక బొప్పాయి కాడను గొట్టంలా గుచ్చండి. చెంబుతో మెల్లగా పోస్తే నీరు కాడగుండా చక్కగా పోతుంది. ఇప్పుడు బిందెడు నీళ్ళు ఒక్కసారిగా కుమ్మరించండి. ఎగువన నీరు నిలిచి కట్ట ఎక్కుతుంది. కాడలోంచి వడిగా చిమ్మిన నీరు దిగువన గుంట చేస్తుంది. నీటి వేగం రెండింతలైతే, అది నెట్టే బలం నాలుగింతలవుతుంది!

ఈ తెలివి మన పెద్దలకు ఏనాడో ఉన్నది. బద్వేలుకు ఉత్తరాన పోరుమామిళ్ళలో బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించిన పెద్ద చెరువు ఉన్నది. 1369 నాటి దాని శాసనంలో, మంచి చెరువుకు కావలసిన పన్నెండు లక్షణాలూ, ఉండకూడని ఆరు దోషాలూ చెప్పారు. చోటు తక్కువై నీరు ఎక్కువ కావడం ఆ దోషాలలో ఒకటి. చెరువుకు చెప్పిన ఆ మాట వంతెనకూ చెల్లుతుంది.

ఇంజనీర్ల లెక్కలో 6 మీటర్ల దాకా ఉంటే కల్వర్టు, ఆపైన 60 మీటర్ల దాకా చిన్న వంతెన, అది దాటితే పెద్ద వంతెన. ఏది కట్టినా పాటించవలసిన నియమాలు ఇవి:

1. మామూలు ప్రవాహాన్ని కాదు, పెద్ద వరదను లెక్కలోకి తీసుకొని నీటికి దారి విడవాలి.

2. వంక వంపు తిరిగే చోట కాక, తిన్నగా పారే చోట కట్టాలి.

3. గొట్టం అడుగు వంక అడుగుకంటె ఎత్తుగా ఉండరాదు. మెట్టులా ఉంటే, తొలివరదకు ఎదురెక్కే చేపలు అక్కడే ఆగిపోతాయి.

4. దిగువన గుంట పడకుండా రాళ్ళు పరవాలి.

5. పని వేసవిలో ముగించి, మిగిలిన మట్టి, రాళ్ళు వంకలోంచి తీసివేయాలి.

అడవిలో అయితే ఇంకా జాగ్రత్త కావాలి. లంకమల ఒక అభయారణ్యం. ఇక అంతరించిపోయిందనుకొన్న కలివికోడి 1986లో మళ్ళీ కనిపించినది ఈ కొండల చెంత పొదల్లోనే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం, అభయారణ్యంలోకి వచ్చే నీటినిగాని, బయటికి పోయే నీటినిగాని అనుమతి లేనిదే ఆపరాదు, మళ్ళించరాదు, పెంచనూరాదు. ఎందుకంటారా? వాన వెలిశాక వంక మడుగుల్లో మిగిలే నీరే జంతువులకు ఆధారం. కిందికి దిగిన నీరు మన చెరువులకు ఆధారం.

వరద తీశాక, పెద్దలను తోడు తీసుకొని మీ ఊరి కల్వర్టు దగ్గరికి వెళ్ళండి. గట్టుమీదనే నిలబడి చూడండి. కంప అడ్డుపడిందా? దిగువన గుంట పడిందా? చూసినది రాసి పంచాయతీవారికి ఇవ్వండి. ఒక్క మాట మాత్రం మరువకండి. బాటమీద నీరు పారుతున్నప్పుడు, మోకాటి లోతే కదా అని దిగకండి. ఆ మాత్రం నీరే పెద్దవాణ్ణి సైతం పడదోస్తుంది. బడికి ఒకరోజు ఆలస్యమైతే మేష్టారు ఏమీ అనరు!