పులికాట్ దాటిన కాపురాలు

రాకెట్ ఎగిరినప్పుడు దేశమంతా శ్రీహరికోట వైపు చూస్తుంది. ఆ కాసేపటి కోసం ఏళ్ల తరబడి దీవిలో ఉండిపోయినవాళ్లున్నారు. వాళ్ల కోసం దీవి ఖాళీ చేసినవాళ్లూ ఉన్నారు.

హైదరాబాద్ శ్రీనగర్ కాలనీలో పిల్లలు ఉద్యోగాలకు ఊరు దాటడం కొత్తేమీ కాదు. మా వీధిలో ప్రతి రెండో ఇంటివాళ్లకీ అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఎవరో ఒకరున్నారు. మా మేనకోడలికి శ్రీహరికోట రాకెట్ కేంద్రం షార్‌లో ఉద్యోగం వచ్చిందనగానే ఇరుగుపొరుగు సంబరపడ్డారు. ఆ వెంటనే, "ఆ దీవిలోనే ఉండాలా?" అన్నారు. మా ఇంట్లో ఉంటూ, ఎల్లారెడ్డిగూడ మీదుగా రోజూ అమీర్‌పేటకు నడిచి కోచింగ్ తీసుకున్న పిల్ల. ఇస్రో రాతపరీక్ష, ఇంటర్వ్యూ గట్టెక్కింది. మా చెల్లెలు మాత్రం నన్ను ఒకటే అడిగింది: "అన్నయ్యా, అక్కడ కూరగాయలు దొరుకుతాయా?"

నీళ్ల మధ్య దారి

పిల్లను ఉద్యోగంలో చేర్చడానికి తల్లీకూతుళ్లు, నేను ముగ్గురం రాత్రి రైలెక్కి గూడూరులో దిగాం. అక్కడి నుంచి మరో బండిలో సూళ్లూరుపేట. పేట దాటి తూర్పుకు తిరిగితే దీవికి సుమారు 20 కిలోమీటర్లు. రోడ్డుకు రెండు పక్కలా పులికాట్ సరస్సే. మన దేశంలో చిల్కా తర్వాత ఇదే పెద్ద ఉప్పునీటి సరస్సు. మేం వెళ్లింది డిసెంబరు. మోకాలి లోతు నీళ్లలో ఫ్లెమింగోలు తలలు ముంచి మేస్తున్నాయి. కాస్త దూరంలో ఒకాయన నడుం లోతున నిలబడి వల దులుపుతున్నాడు. షార్ బస్సు హారన్ కొడుతూ పోయినా పక్షులు కదల్లేదు, ఆయనా తిరిగి చూడలేదు. ఒళ్లో ఆవకాయ జాడీ పట్టుకుని కూర్చున్న మా చెల్లెలు అప్పుడే మొదటిసారి నవ్వింది.

గేటు దగ్గర పాసులు, తనిఖీలు. లోపలంతా సరుగుడు, యూకలిప్టస్ తోటలు, అడవి. బజారు రొద లేదు. ఊరుకుంటే సముద్రపు హోరు.

ఈ దీవే ఎందుకు?

1960ల చివర్లో విక్రమ్ సారాభాయ్ బృందం తూర్పు తీరమంతా గాలించి ఈ దీవిని ఎంచుకుంది. రాకెట్‌ను తూర్పుకు వదిలితే భూభ్రమణం వల్ల సెకనుకు దాదాపు 450 మీటర్ల వేగం ఊరికే కలిసొస్తుంది. ఏదైనా తేడా వచ్చి కూలినా కింద సముద్రమే. భూమధ్యరేఖ కూడా మరీ దూరం కాదు. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్‌తో ఇక్కడ పని మొదలైంది. 1979 ఆగస్టులో ఉపగ్రహాన్ని మోసుకెళ్లిన ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ బంగాళాఖాతంలో పడింది. ఏడాది తిరక్కుండా, 1980 జులై 18న, అదే రకం రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. 2002లో ఈ కేంద్రానికి సతీష్ ధావన్ పేరు పెట్టారు. 2025 జనవరి 29న ఇక్కడి నుంచి వందో పెద్ద ప్రయోగం జరిగింది.

మా పిల్లకు పని దొరికింది ఘన ఇంధనం తయారుచేసే చోట. అల్యూమినియం పొడి, అమ్మోనియం పెర్‌క్లోరేట్, రబ్బరులాంటి జిగురు కలిపి, పిండిలా పిసికి, అచ్చుల్లో పోసి గట్టిపడనిస్తారు. చంద్రయాన్-3ని మోసిన ఎల్‌వీఎం-3 రాకెట్‌కు రెండు పక్కలా ఉండే బూస్టర్లలో ఒక్కోదానికి 200 టన్నులకు పైగా ఇలాంటి ఇంధనం పడుతుంది. ఒక్క నిప్పురవ్వ చాలు, అంతా పోతుంది. అందుకే ఈ పనికి జనానికి దూరంగా ఉండే చోటు కావాలి. ఆ ఒంటరితనంతోనే ఉద్యోగుల కాపురాలు సర్దుకుపోవాలి.

సర్దుకుపోవడమంటే

కూరగాయలు దొరుకుతున్నాయి. క్వార్టర్లున్నాయి, బడి ఉంది, ఆసుపత్రి ఉంది, పేటకు బస్సులున్నాయి. దొరకనివి వేరే. భార్యాభర్తల్లో ఒకరికి షార్‌లో ఉద్యోగమైతే రెండోవారికి తగ్గ ఉద్యోగం దీవిలో ఉండదు. చెన్నైకి తిరగాలి, లేదా మానుకోవాలి. ఎంతోమంది ఆడవాళ్లు మానుకున్నారు. తుపాను హెచ్చరిక వస్తే ఊళ్లో ఉన్న అమ్మానాన్నల గుండె గుబేలుమంటుంది. "ప్రయోగం దగ్గరపడితే ఎవరూ సెలవు అడగరు మావయ్యా. పండగైనా అంతే" అంది మా పిల్ల. ఆ గొంతులో ఫిర్యాదు లేదు.

ముందున్నవాళ్లు

ఈ దీవిని ఎంచుకోవడానికి కారణాల్లో 'జనం తక్కువ' అన్నది ఒకటి. తక్కువంటే లేరని కాదు. తరతరాలుగా ఇక్కడ యానాదులనే గిరిజనులుండేవారు. అడవిలో దుంపలు, తేనె, మందుమూలికలు, సరస్సులో చేపలు, ఇవే వాళ్ల బతుకు. నెల్లూరుకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్య జీవితమంతా వాళ్ల కోసం పాటుపడి, వాళ్ల మీద పుస్తకం రాశారు. రాకెట్ కేంద్రం వచ్చాక వాళ్లు తమ చోటు వదులుకోవాల్సి వచ్చింది. మా చెల్లెలి కూతురు ఈ దీవికి ఇష్టపడి వెళ్లింది. వాళ్లు ఇష్టపడి వదల్లేదు. ఈ తేడా మరిచిపోతే చంద్రుణ్ణి అందుకున్నామన్న గర్వం మనకు నిండుగా దక్కదు.

మూడో ప్రయోగ వేదికకు 2025 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఖర్చు దాదాపు 3,985 కోట్ల రూపాయలు. అంటే ఇంకా ఎంతోమంది పిల్లలు పులికాట్ దాటుతారు. అమీర్‌పేట హాస్టళ్లలో రాత్రింబవళ్లు చదివే పిల్లలు మీ ఇంట్లో ఉంటే, విమానం ఎక్కక్కర్లేని ఈ ఉద్యోగం గురించీ చెప్పండి. వెళ్తామంటే, "ఆ దీవిలోనా?" అని వెనక్కి లాగకండి. ప్రయోగం చూపించడానికి పిల్లలను షార్ గ్యాలరీకి తీసుకెళ్తే, ఆ నేల మీద తరతరాలుగా యానాదులు బతికారని కూడా చెప్పండి.