పగులు దాచకూడదు

పిల్లలూ! కుమ్మరి దగ్గర కుండ కొనేటప్పుడు మీ అమ్మమ్మ ఏం చేస్తుందో ఎప్పుడైనా గమనించారా? కుండను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతి వేళ్ళతో తట్టి చూస్తుంది. "ఖంగు"మంటే మంచి కుండ. చప్పుడు బొంగురుగా వచ్చిందా, ఎక్కడో సన్నని బీట ఉన్నదన్నమాట. అది కంటికి కనపడదు గాని చెవికి తెలుస్తుంది.

తొమ్మిది అంతస్తుల మేడను కూడా ఇలాగే తట్టి చూస్తారంటే మీరు నమ్ముతారా? నిజంగానే చూస్తారు. ఆ కథ వినండి.

ఉక్రెయిన్ దేశంలో ఖార్కివ్ అనే పెద్ద నగరం ఉన్నది. రష్యా సరిహద్దు అక్కడికి ముప్ఫై, నలభై కిలోమీటర్ల దూరమే. మన తెలుగు విద్యార్థులు కూడా ఆ నగరంలో వైద్యం చదువుకునేవారు. 2022 ఫిబ్రవరి 24న రష్యా సేనలు ఉక్రెయిన్ మీదికి వచ్చాయి. అప్పుడు మన ప్రభుత్వం "ఆపరేషన్ గంగ" పేరుతో విమానాలు పంపి ఉక్రెయిన్‌లోని మన విద్యార్థులను ఇళ్ళకు చేర్చింది.

మరి ఇల్లే అక్కడ ఉన్నవాళ్ళు ఎక్కడికి పోతారు? ఖార్కివ్‌లో సాల్టివ్కా అనే పేట ఉన్నది. 1960ల నుంచి కట్టిన పెద్ద పెద్ద మేడలలో లక్షలాది జనం కాపురం ఉండేవారు. ఆ పేట ఉత్తరపు అంచున నెలల తరబడి గుండ్లు పడ్డాయి. గోడలు పగిలాయి, ఇళ్ళు తగలబడ్డాయి. జనం భూమి కింద ఉండే మెట్రో రైలు స్టేషన్లలో తలదాచుకున్నారు. 2023లో ఆ స్టేషన్లలోనే పిల్లలకు బడులు కూడా పెట్టారు.

గుండ్ల జోరు తగ్గగానే ప్రతి కుటుంబం అడిగిన ప్రశ్న ఒక్కటే: "మా ఇంటికి మేము ఎప్పుడు పోవచ్చు?" ఇంజనీర్లు దానికి జవాబు చెప్పాలి. తొందరపడి "పోవచ్చు" అంటే ప్రాణాలకు ముప్పు. భయపడి "కూల్చండి" అంటే వందలమందికి గూడు పోతుంది. అందుకే చాలా జాగ్రత్తగా చూడాలి.

ఆ మేడ ఎలా నిలబడుతుందో తెలియాలంటే ఒక అగ్గిపెట్టె తెచ్చుకోండి. లోపలి సొరుగు తీసివేసి, ఖాళీ తొడుగును బల్లమీద పెట్టి పక్కనుంచి నొక్కండి. చప్పున ఒరిగి అణిగిపోతుంది. ఇప్పుడు సొరుగు లోపలపెట్టి నొక్కండి. ఒరగదు. సాల్టివ్కాలో చాలా మేడలు ఇలాంటివే. కర్మాగారంలో పోతపోసిన కాంక్రీటు పలకలను క్రేనుతో ఎత్తి, ఒకదానికొకటి అతికించి కట్టినవి. నిలువు గోడకు అడ్డుగోడ ఆసరా, రెండింటికీ అంతస్తు పలక ఆసరా. ఒక పలక పోతే పక్కవాటి బలం కూడా తగ్గుతుంది. 1968లో లండన్ నగరంలో రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల మేడలో ఈ సంగతి లోకానికంతా తెలిసివచ్చింది. 18వ అంతస్తులో గ్యాసు పేలి గోడ పలకలు ఊడిపోగా, మేడ ఒక మూల పైనుంచి కిందిదాకా కూలిపోయింది.

కనుక గుండు తగిలిన మేడలోకి మొదట వెళ్ళేది తాపీమేస్త్రీ కాదు. పేలని బాంబులను వెతికి తీసివేసేవారు ముందు వెళతారు. వారి వెనుక ఇంజనీరు వెళతాడు. సుత్తితో గోడను తట్టి, మీ అమ్మమ్మలాగే చప్పుడు వింటాడు. మంట తగిలిన చోట కాంక్రీటు రంగు చూస్తాడు. 300 డిగ్రీలు దాటిన వేడి తగిలితే చాలా రకాల కాంక్రీటు గులాబిరంగుకు తిరుగుతుంది. 600 డిగ్రీల వేడిలో ఇనుప చువ్వల బలం దాదాపు సగానికి తగ్గి కప్పు వంగిపోతుంది. చల్లారిన తరువాత ఇనుము చాలావరకు కోలుకుంటుంది గాని కాంక్రీటు కోలుకోదు.

అన్నీ చూశాక ఇంజనీరు తీర్పు చెబుతాడు. పూర్తిగా పాడైనవాటిని తీసివేయాలి. కొన్ని మేడలలో కూలిన భాగాన్ని మాత్రమే విడదీసి, మిగతా భాగాన్ని నిలుపుతారు. ఆ పని పైఅంతస్తు నుంచి కిందికి సాగుతుంది. చుట్టూ ఇనుప గుంజలు ఆనించి, పలక తరువాత పలక దించుతారు. ఆ చోట కొత్త గోడ కడతారు. సన్న పగుళ్ళలోకి ప్రత్యేకమైన జిగురును ఒత్తిడితో ఎక్కించి పూడుస్తారు.

ఇంతలో చలికాలం వచ్చిపడుతుంది. అక్కడ శీతాకాలంలో వాతావరణం సున్నా డిగ్రీల కిందికి పోతుంది. ఇళ్ళు వెచ్చగా ఉండటానికి గొట్టాల గుండా వేడినీరు పారిస్తారు. కిటికీ అద్దాలు పగిలిపోయి, వేడినీరు ఆగిపోతే గొట్టాలలో నీరు గడ్డకడుతుంది. గడ్డకట్టిన నీరు నూటికి తొమ్మిది వంతులు పెరుగుతుంది, అంటే నూరు చెంబుల నీరు నూట తొమ్మిది చెంబుల మంచు అవుతుంది. ఆ ఒత్తిడికి ఇనుప గొట్టం కూడా పగులుతుంది. అందుకే ముందుగా కిటికీలకు ప్లైవుడ్ చెక్కలు, ప్లాస్టిక్ పొరలు బిగిస్తారు. బిగించిన కిటికీ మళ్ళీ గుండు దెబ్బకు పోయిన ఇళ్ళు కూడా ఉన్నాయి. వాటికి మళ్ళీ బిగించారు!

ఇదంతా మీకు చెప్పడానికి ఒక కారణం ఉన్నది. నేను హెడ్మాస్టరుగా ఉన్న ఒక బడిలో అయిదో తరగతి గోడ బీటవారింది. ఇన్‌స్పెక్షను దగ్గరపడింది. సిమెంటు పూసి సున్నం కొట్టించేస్తే సరిపోతుందనుకున్నాను. మేస్త్రీని కూడా పిలిపించాను. ఆనాడు పని చూడవచ్చిన ఇంజనీరు నన్ను వారించి, ఆ బీటకు అడ్డంగా ఒక సన్నని అద్దపు ముక్కను రెండు కొసలా సిమెంటుతో అతికించి, దానిమీద తేదీ రాశాడు. "అద్దం సాగదు మేష్టారూ! గోడ కాస్త కదిలినా విరుగుతుంది. రోజూ పిల్లలచేత చూపించండి" అన్నాడు.

పందొమ్మిదో రోజు ఉదయం ఒక చిన్నపిల్ల పరుగెత్తుకు వచ్చి, "మేష్టారూ, అద్దం విరిగిందండీ" అన్నది. ఆ పూటే తరగతిని వేపచెట్టు కిందికి మార్చాను. ఆ వానాకాలంలోనే గోడ పడిపోయింది. ఆ గదిలో ఎవరూ లేరు. నేను సున్నం కొట్టించి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ నిద్రపట్టదు.

పిల్లలూ! మీ ఇంట్లోగాని, బడిలోగాని గోడ బీటవారితే దాని రెండు కొసల దగ్గర పెన్సిలుతో గీత గీసి, తేదీ వేయండి. నెలకొకసారి చూడండి. బీట గీత దాటిందా, వెంటనే పెద్దలకు చెప్పండి. పెద్దలు "ఏం ఫరవాలేదులే" అన్నా, ఇంకొకసారి చెప్పండి.