క్రొత్త పాస్టరుగారి మొదటి పని

సోదరీమణులారా! క్రొత్తగా కాపురమునకు వచ్చిన కోడలికి మొదటి దినముననే ఇంటిపనులన్నియు ఒక్కసారిగా కనబడును. అత్తగారొకటి చెప్పును, ఆడుబిడ్డ మరియొకటి చెప్పును, ఇంతలో పొయ్యిమీద ఎసరు పొంగుచుండును. ఏది ముందు, ఏది వెనుక అను వివేకమే ఆనాడామెకు కావలసిన విద్య. క్రైస్తవసంఘమునకు క్రొత్తగా వచ్చిన పాస్టరుగారి స్థితియు ఇట్టిదేయని మేము ఇటీవల ప్రత్యక్షముగ తెలిసికొంటిమి.

మేమున్న వీధిలో బడి కెదురుగ ఒక చర్చి కలదు. మేము ఆ మతస్థులము కాకపోయినను ఆ గంట విననిదే మాకు ఆదివారము తెల్లవారదు. గడచిన వేసవిలో అచ్చటికి చిన్నవయసు అయ్యగారొకరు బదిలీపై వచ్చిరి. వారి యిల్లాలు మంచినీళ్లకు మా యింటికి వచ్చుచు మాకు చనువైనది. ఒకనాడామె ఒక కాగితము తెచ్చి చూపెను. అది సంఘపు పెద్దలు వ్రాసియిచ్చిన పనుల పట్టిక. కూలిన ప్రహరిగోడ, చెడిన మైకు, బీటలువారిన యింటికప్పు, రెండు కుటుంబముల నడుమ తగవు, తీర్చవలసిన బాకీ - ఇట్లు పదునేడు గలవు.

“అక్కయ్యగారూ, ఆయన రాత్రులు నిద్రపోవుట లేదు. వీనిలో ఏది ముందు పెట్టుకొనవలయునో మాస్టరుగారి నడిగి చెప్పుదురా?” అని ఆమె మమ్ము వేడెను.

మాకు భారతములోని సభాపర్వము జ్ఞప్తికి వచ్చెను. మయుడు నిర్మించిన అద్భుతమైన సభలో ధర్మరాజు కూర్చుండగా నారదులవారు వచ్చిరి. వచ్చినవారు ముందుగ ఆ సభను పొగడలేదు. చితికిన రైతునకు విత్తనములు ఇచ్చుచున్నావా? గ్రుడ్డివారిని, మూగవారిని, కుంటివారిని, దిక్కులేనివారిని తండ్రివలె కాచుచున్నావా? అని ప్రశ్నించిరి. సభను గూర్చిన ప్రసంగము పిదప వచ్చినది. ఈ కథ చెప్పి, “ఈ పట్టికలో మనుష్యుల పేరు ఒక్కటియు లేదేమమ్మా?” అని మే మడిగితిమి.

ఆమె కొంతసేపు మాటాడలేదు. పిదప, చెరువుగట్టు దగ్గర మంచము పట్టిన వృద్ధవితంతు వొకతె కలదనియు, చాలకాలముగ ఆమెకు ప్రభుభోజన సంస్కారము అందలేదనియు, తాను పాలవారివలన వింటిననియు చెప్పెను. పెద్దల పట్టికలో ఆమె లేదు. మంచము దిగలేని మనిషి సభకు వచ్చి తన పని వ్రాయించుకొనుట యెట్లు?

ఈ చిక్కు నేటిది కాదు. బైబిలులోని అపొస్తలుల కార్యముల గ్రంథమున ఆరవ అధ్యాయములో ఇట్టిదే కలదు. యెరూషలేములోని తొలి సంఘమున గ్రీకుభాష మాటాడు విధవరాండ్రకు దినదినము జరుగు పంపిణీలో లోపము కలుగుచున్నదని సణుగుడు పుట్టెను. అపొస్తలులు ఏడుగురు నమ్మకమైనవారిని ఎన్నుకొమ్మని సంఘమునకు చెప్పి, ఆ పని వారి కప్పగించి, తాము ప్రార్థనయందును వాక్యబోధయందును నిలిచిరి. ఇందు గమనింపదగినది రెండు: విధవల అన్నమును వారు చిన్నపనిగ త్రోసివేయలేదు, అన్నియు తామే చేయవలెనని పట్టుబట్టనులేదు. ఇల్లు నడుపు స్త్రీకి ఈ రెండవ నీతి మరింత అవసరము గదా!

మన తెలుగునాటనే దీనికొక గొప్ప నిదర్శనము గలదు. వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు 1874లో తమిళదేశపు తిరునెల్వేలి ప్రాంతమున ఒక గ్రామ పాస్టరుగారి కుమారుడుగా జన్మించిరి. 1903లో అచ్చటి దేశీయ క్రైస్తవులు స్థాపించిన మిషనరీ సంఘమునకు ముఖ్యులై, 1909లో నైజాము రాజ్యములోని దోర్నకల్లుకు వచ్చిరి. అది నేడు తెలంగాణమున మహబూబాబాదు జిల్లాలో నున్నది. అప్పటికి వారికి ముప్పదియైదేండ్లు, మాతృభాష తమిళము. ప్రజలు పలుకునది తెలుగు. కావున ముందు వారు శిష్యులై తెలుగు నేర్చుకొనిరి. తన మాట వినుమనుటకు ముందు వారి మాట వినుట నేర్చిన గురువు ధన్యుడు.

1912 డిసెంబరు 29వ తేదీని కలకత్తాలో వారికి బిషప్పుగా అభిషేకము జరిగెను. ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన తొలి భారతీయుడు వారే. అంత పదవి వచ్చినవారు ముందుగ గొప్ప దేవాలయము కట్టింతురని ఎవరైన తలంతురు. కాని వారు పల్లెపల్లెకు ఎడ్లబండిమీద తిరిగిరి. పల్లెలలో బోధించు ఉపాధ్యాయులను తయారుచేసిరి. ఆ శిక్షణకు వచ్చినవారి భార్యలకును చదువు చెప్పించుట వారి పద్ధతి. అందు వారి భార్య అన్బు మరియమ్మాళ్‌గారి శ్రమ మిక్కుటము. భర్త యొక్కడే చదివిన యింట దీపము సగమే వెలుగునని వా రెరుగుదురు.

వారి సంఘములోనివారు చాలవరకు నిరుపేదలు, అంటరానివారని లోకము దూరముంచినవారు. అశుచి, వ్యాధి, అప్పు, త్రాగుడు - ఈ నాలుగు భూతములను వెడలగొట్టవలెనని అజరయ్యగారు బోధించుచుండిరి. ఈ నాలుగును పట్టుకొనునది ఇంటినే గనుక, వదలించుటకును ఇంటి ఇల్లాలే ముందు కావలెను. పేదలైనను ఇచ్చుట నేర్వవలెనని వారు కానుకలను గూర్చి ఆంగ్లమున గ్రంథమే వ్రాసిరి. బియ్యము కొలుచునప్పుడు ఒక పిడికెడు వేరుగ తీసి చర్చికిచ్చు ఆచారము దక్షిణదేశపు సంఘములలో స్త్రీలవలన నిలిచినదే.

దోర్నకల్లులోని పెద్దచర్చి 1939 జనవరి 6వ తేదీని ప్రతిష్ఠింపబడెను. అనగా బిషప్పైన యిరువదియారేండ్లకు! గుమ్మటములును, హిందూ దేవాలయముల పోలిక స్తంభములును కలిసిన ఆ కట్టడము నేటికిని చూపరులను ఆకర్షించుచున్నది. మనుష్యులు ముందు, రాళ్లు తరువాత అను క్రమమునకు ఆ తేదీలే సాక్ష్యము. 1945 జనవరి 1వ తేదీని వారు దోర్నకల్లులోనే కాలముచేసిరి.

ఇక మా వీధి అయ్యగారి సంగతి. మరునాటి ఉదయము వారు చెరువుగట్టు దగ్గరకు పోయిరి. ఆ వృద్ధురాలు వారి చేయి పట్టుకొని తన బిడ్డల పేర్లన్నియు, పోయినవారివి సైతము, చెప్పుకొన్నదట. అటుపిమ్మట వారు ప్రొద్దుట కొన్ని యిండ్లు చూచుట, సాయంకాలము పట్టికలోని పనులను తగినవారికి పంచియిచ్చుట నియమముగ పెట్టుకొనిరి. లెక్కలు తెలిసిన ఒక రైల్వే ఉద్యోగికి బాకీ సంగతి అప్పగించిరి. రాత్రి భోజనము భార్యాబిడ్డలతో కలిసి చేయుటయు ఆ నియమములో నొకటి. ఆ నియమము పెట్టినది మాత్రము అమ్మగారే!

మూడు వారములకు ఆ వృద్ధురాలు మరణించెను. సమాధికార్యమున అయ్యగారు కాగితము చూడకయే ఆమె పేరును, ఆమె బిడ్డల పేర్లను చెప్పిరనియు, వచ్చిన బంధువులు కన్నీరు పెట్టిరనియు విన్నాము. అంతవరకు ఆ ముసలమ్మకు అంతమంది బిడ్డలుండిరని సంఘములో పలువు రెరుగరట.

ప్రహరిగోడ నేటికిని కూలియే యున్నది. మేకలు లోపలికి పోయి పూలమొక్కలు మేయుచున్నవి. పెద్దలలో కొందరు అయ్యగారిమీద కినిసియున్నారు. వారి కోపమునకును కారణము లేకపోలేదు. వానలు వెనుకబట్టిన పిమ్మట గోడ కట్టింతురని అమ్మగారు మాతో చెప్పెను. కట్టింతురు కాక! గోడ ఆరునెలలు వేచియుండగలదు. ఆ తల్లి మూడు వారములకు మించి వేచియుండలేకపోయినది.

సోదరీమణులారా! మన యిండ్లలోను ప్రొద్దున్న లేచినది మొదలు పట్టిక పొడవుగనే యుండును. అందెక్కని పేరొకటి ఏ మూలగదిలోనో, ఏ పొరుగింటనో ఎదురుచూచుచుండునేమో, రేపు ఎసరు పెట్టుటకు ముందు ఒక్క క్షణము తలచి చూతము.