రక్తంలో సైన్యమున్నా దూడకు రక్షణ కరవు

పుట్టినప్పుడు చురుగ్గానే ఉన్న దూడ కొన్ని వారాలకే చిక్కిపోతుంది. నోట్లో పుండ్లు, విడవని విరేచనాలు, మాటిమాటికీ న్యుమోనియా. మందులు వాడినంతకాలం కాస్త తేరుకుని, ఆపగానే మళ్లీ నీరసిస్తుంది. రక్తం పరీక్షిస్తే రోగంతో పోరాడే తెల్లకణాలు మామూలు కంటే అనేక రెట్లు ఎక్కువగా కనిపిస్తాయి. అయినా దూడ దక్కదు. హోల్‌స్టీన్ జాతి పశువుల్లో కనిపించే ‘బ్లాడ్’ అనే జన్యువ్యాధి లక్షణమిది.

అతుక్కోలేని కణాలు

శరీరంలో సూక్ష్మజీవులు చేరిన చోటికి ముందుగా చేరుకునేవి న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు. అవి రక్తనాళం గోడకు గట్టిగా అతుక్కుని, ఆ తర్వాత గోడ దాటి బయటకు వెళ్లాలి. అందుకు వాటి ఉపరితలంపై సీడీ18 అనే ప్రొటీన్ అవసరం. దీని జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడం వల్ల ప్రొటీన్‌లోని 128వ స్థానంలో ఆస్పార్టిక్ ఆమ్లానికి బదులు గ్లైసిన్ చేరుతుంది. దాంతో ఆ ప్రొటీన్ కణం పైకి సరిగా చేరదు. కణాలు రక్తంలోనే తిరుగుతుంటాయి, పుండు మాత్రం మానదు.

ఒకే ఆబోతు నుంచి

ఈ మార్పును అమెరికా శాస్త్రవేత్తలు 1992లో వెల్లడించారు. అప్పటికి ఆ దేశపు హోల్‌స్టీన్ ఆబోతుల్లో సుమారు 15 శాతం, ఆవుల్లో 6 శాతం ఈ లోపాన్ని మోస్తున్నట్లు తేలింది. వంశవృక్షాలు పరిశీలించగా అన్నింటికీ మూలం 1952లో పుట్టిన ఆస్బోర్న్‌డేల్ ఐవన్‌హో అనే ఆబోతుగా గుర్తించారు. కృత్రిమ గర్భధారణ ద్వారా దాని సంతతి విస్తరించింది. లోపమూ వెంట నడిచింది.

లోపమున్న జన్యువు ఒక్కటే సంక్రమిస్తే పశువు ఆరోగ్యంగానే ఉంటుంది. చూపులకు తేడా తెలియదు. అటువంటి ఆవు, ఆబోతు కలిసినప్పుడు పుట్టే ప్రతి దూడకూ వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఆబోతు లోపరహితమైనదైతే దూడకు వ్యాధి రాదు.

రైతులు చేయవలసింది

ఈ వ్యాధిని నయం చేసే మందు రైతుకు అందుబాటులో లేదు. నివారణే మార్గం. చిన్న రక్త నమూనాతో జన్యుపరీక్ష చేసి లోపాన్ని గుర్తించవచ్చు. మన దేశంలో వీర్యోత్పత్తి కేంద్రాలకు నిర్దేశించిన ప్రమాణాల ప్రకారం హోల్‌స్టీన్, దాని సంకరజాతి ఆబోతులకు ఈ పరీక్ష తప్పనిసరి. గ్రామంలో పరీక్ష లేకుండా తిరిగే సంకరజాతి ఆబోతుకు ఆ పూచీ ఉండదు. ఒంగోలు, పుంగనూరు వంటి స్వచ్ఛమైన దేశీ జాతులు ఆ వంశానికి చెందినవి కావు.

విరేచనాలతో మరణించే ప్రతి దూడకూ ఈ లోపమే కారణమని భావించరాదు. సకాలంలో జున్నుపాలు అందకపోవడం, పాకలో అపరిశుభ్రత వంటివే తరచుగా కారణాలు. అయితే ఒకే ఆవుకు పుట్టిన దూడలు మళ్లీ మళ్లీ ఇలా చనిపోతుంటే పశువైద్యుని సంప్రదించాలి. చూడి కట్టించిన ప్రతిసారీ వీర్యం స్ట్రాపై ముద్రించిన ఆబోతు సంఖ్యను రాసి ఉంచుకోవడం మేలు.