కంపవాతము – దూలగొండి : జంతు పరీక్షలు చెప్పునది, చెప్పనిది

ఇటీవల హాలియాలో కంపవాతముతో బాధపడుచున్న ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు నన్నిట్లడిగిరి: "దూలగొండి గింజలు, విటమిన్లు ఇస్తే ఎలుకలకు వణుకు తగ్గిందట గదా వైద్యులవారూ! ఇంగ్లీషు మాత్రలు మానెయ్యొచ్చునా?" పలువురికి ఉపయోగపడునని ఆ సమాధానమును ఇచ్చట వ్రాయుచున్నాను.

కాళ్ళు చేతులు వణకుట, నిద్రాభంగము, బుద్ధి మందగించుట కంపవాత లక్షణములని మన తెలుగునాట వెలసిన బసవరాజీయము చెప్పుచున్నది. దీనిని పోలిన వ్యాధినే 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్‌సన్ వర్ణించెను. మెదడులో డోపమైన్ అను ద్రవ్యమును తయారుచేయు కణములు క్రమముగా నశించుటయే దీనికి మూలము. ఆ లోటును పూరించు లెవోడోపాను దూలగొండి గింజల నుండి 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి అను శాస్త్రజ్ఞులు వేరుచేసిరి. 1957లో స్వీడన్ దేశీయుడు ఆర్విడ్ కార్ల్‌సన్, సర్పగంధి నుండి లభించు రెసర్పిన్‌తో కదలిక కోల్పోయిన కుందేళ్ళకు డోపా ఇవ్వగా అవి తిరిగి కదలినవి. నేటికిని ప్రధానౌషధము ఇదియే.

అయితే లెవోడోపా కణనాశమును ఆపదు. డోపమైన్ విచ్ఛిన్నమగునప్పుడు పుట్టు హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటివి కణములను దెబ్బతీయును. వానిని అణచు యాంటీ ఆక్సిడెంట్లను మందుకు జోడించిన కణములు నిలుచునని ఆశ. దీనిని పరీక్షించుటకు ఎలుకలకు విషమిచ్చి, నాలుగు గుంపులుగా విభజింతురు. ఒక గుంపునకు మందు, ఒకదానికి యాంటీ ఆక్సిడెంటు, ఒకదానికి రెండును ఇత్తురు. నాలుగవ గుంపునకు ఏదియు ఈయరు. పిదప నడకను పరిశీలించి, మెదడులో మిగిలిన కణములను లెక్కింతురు. ఎలుకలలో దూలగొండి, అశ్వగంధ, కోఎంజైమ్ క్యూ10 సత్ఫలితములనిచ్చినవి.

మనుష్యులలో ఫలితము వేరు. 1987లో అమెరికా, కెనడాలలో 800 మంది రోగులపై ఆరంభించిన డాటాటాప్ పరీక్షలో విటమిన్ ఇ ని రోజుకు 2000 యూనిట్ల చొప్పున విడిగాను, సెలెజిలిన్ మందుతో కలిపియు ఇచ్చిరి. సెలెజిలిన్ లెవోడోపా అవసరమును కొంతకాలము వాయిదా వేసినది. విటమిన్ వలన లాభము లేకపోయెను. 600 మందిపై జరిపి 2014లో ప్రకటించిన కోఎంజైమ్ క్యూ10 పరీక్షయు అట్లే ముగిసెను.

కారణమేమి? ఎలుకకు తరచుగా విషమునకు ముందే ఔషధమిత్తురు. విషము కొద్ది దినములలో పనిచేయును. మనిషిలో వ్యాధి ఏండ్ల తరబడి పెరుగును. వణుకు బయటపడునాటికే కణములు పెక్కు నశించియుండును. సాగరు కాలువ గట్టు తెగకముందు మట్టి వేయుట వేరు, తెగిన పిదప వేయుట వేరు.

కావున పాఠకులు గమనింపవలసినవి:

• మాత్రలను హఠాత్తుగా ఆపరాదు. తీవ్రజ్వరము, శరీరము బిగుసుకొనుట సంభవించి ప్రాణాపాయము కలుగవచ్చును.

• దూలగొండిలోనిదియు లెవోడోపాయే; దాని పాలు గింజ గింజకు మారును. మాత్రలపై స్వయముగా చేర్చిన వాంతులు, రక్తపోటు తగ్గుట, అదుపులేని అంగచలనము, భ్రమలు కలుగవచ్చును. శుద్ధిచేసిన చూర్ణమైనను ఇరు వైద్యులకు తెలిపియే వాడవలెను.

• లెవోడోపా మాత్రను భోజనమునకు అరగంట ముందు వేసికొనుట మేలు. పప్పు, పాలు, మాంసములలోని మాంసకృత్తులు దానికి అడ్డుపడును.

• నిత్యము నడక, మలబద్ధము లేకుండ తగినంత నీరు, కూరగాయలు అవసరము. నువ్వుల నూనెతో అభ్యంగము ఒంటికి హాయినిచ్చును.

ఆ ఉపాధ్యాయుడు మాత్రలు మానలేదు. ఉదయపు నడక ఆరంభించిరి.