కూలీల లెక్క కూలీల చేతిలోనే ఉండాలి

ఉపాధి పనుల సామాజిక తనిఖీలకని మేము ఊరూరా తిరిగిన రోజుల్లో ఒక తిప్పలు తప్పేది కాదు. ఒకే మనిషి పేరు జాబ్ కార్డులో ఒకలా, బ్యాంకు పుస్తకంలో మరోలా, ఆధార్‌లో ఇంకోలా ఉండేది. చేసిన పని ఒకటే, కారిన చెమట ఒకటే. అయినా ఒక్క అక్షరం తేడా పడితే కూలి డబ్బు మధ్యలో ఆగిపోయేది. 15 రోజుల్లో కూలి ఇవ్వాలని 2005 చట్టం చెప్పింది. ఆఫీసుకు పోతే మాత్రం "కంప్యూటరు ఒప్పుకోవట్లేదు" అని పంపేసేవారు.

కంప్యూటరుకు మన మీద పగేమీ లేదు. దానికి అక్షరాలు తెలుసు, అర్థం తెలియదు. ఆ అర్థాన్ని కూడా రాసిపెట్టాలన్న ఆలోచన పేరే సెమాంటిక్ వెబ్. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్ లీ, మరో ఇద్దరితో కలిసి 2001లో దీన్ని వివరిస్తూ వ్యాసం రాశాడు.

పేరు పెద్దదే గాని సూత్రం చిన్నది. ప్రతి మనిషికీ, ప్రతి పొలానికీ, ప్రతి పనికీ ఒకే గుర్తు ఇవ్వాలి. తర్వాత ప్రతి సంగతినీ మూడు ముక్కల్లో రాయాలి: ఎవరు, ఏ సంబంధం, దేనితో. "17వ నంబరు కూలీ – పనిచేసింది – 4వ నంబరు పనిలో." "4వ నంబరు పని – జరిగింది – ఊరచెరువులో." ఇలా ముక్కకు ముక్క తగిలిస్తూ, తేదీలూ కూలి అందిన వివరాలూ కలుపుకుంటూ పోతే, "పని అయి 15 రోజులు దాటినా కూలి అందనివారెవరు?" అని అడిగితే చాలు, జాబితా బయటకొస్తుంది.

మాటల చిక్కూ ఇలాగే తీరుతుంది. ఆంధ్ర వైపు సెంట్లంటారు, తెలంగాణలో గుంటలంటారు. ఎకరానికి 100 సెంట్లు, 40 గుంటలు. ఈ సంబంధం ఒక్కసారి రాసిపెడితే 20 గుంటలూ 50 సెంట్లూ ఒకటేనని యంత్రం గ్రహిస్తుంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ నడుపుతున్న ఆగ్రోవాక్ అనే వ్యవసాయ పదకోశం ఈ పద్ధతిలోనే ఉంది. అందులో తెలుగు మాటలూ ఉన్నాయి. 2012లో మొదలైన వికీడేటాలోనైతే ఎవరైనా రాయొచ్చు.

ఇది చదువుకున్నోళ్ల వ్యవహారం అని పక్కన పెట్టకండి. సంఘం నోటు పుస్తకంతోనే మొదలుపెట్టొచ్చు. సభ్యునికో నంబరు వేయండి. పేరు ఎన్ని రకాలుగా ఉంటే అన్నీ ఆ నంబరు కిందే రాయండి. "కూలి బాకీ", "పట్టా ఉంది", "సాగులో ఉన్నాడు" లాంటి మాటలు అందరం ఒకే అర్థంలో వాడుదాం. ప్రతి సంగతి పక్కనా ఎవరు చెప్పారో, ఏ తేదీనో ఉండాలి. తప్పు రాస్తే యంత్రం ఆ తప్పునే పది చోట్ల తగిలిస్తుంది.

ఒక జాగ్రత్త. ఊరి పేర్లు, పంటలు, కొలతలు లోకానికి పెట్టొచ్చు. కూలీల పేర్లు, బ్యాంకు నంబర్లు, బాకీలు మాత్రం సంఘం దాటి పోకూడదు.

ఒకప్పుడు దస్త్రంలో ఏముందో కరణానికే తెలిసేది. 1984లో కరణీకం పోయింది, దస్త్రం కంప్యూటర్లో దూరింది. దాన్ని చదవడమే కాదు, మన దస్త్రం మనం రాసుకోవడమూ నేర్చుకుందాం. అప్పుడే "కంప్యూటరు ఒప్పుకోవట్లేదు" అన్నవాణ్ణి మన లెక్క చూపి నిలదీయగలం.