దారిలో ఆగి మరల నడచు మోటారుబండి

పూర్తిగా చెడిపోయిన యంత్రముకంటె, ఒకప్పుడు నడచి ఒకప్పుడు ఆగిపోవు యంత్రమును బాగుచేయుట కష్టము. దారిలో ఆగిన మోటారుబండి మరమ్మతుశాలకు చేరునప్పటికి చక్కగా నడచుచుండును. దోషము కానరాక మెకానిక్కు ఊహనుబట్టి ఒక్కొక్క భాగమును మార్చును. యజమానుని ధనము వ్యయమగును; బండి మరల దారిలో ఆగును. రైలుపట్టాల నడుమనో, ఘాటుదారి మలుపునందో అట్లాగినచో ప్రాణములకే ముప్పు. కావున ఇట్టి దోషమును వెదకు క్రమమును ఇచట వివరింపదలచితిమి.

ఉదాహరణమునకు పాత పెట్రోలు అంబాసిడరును తీసికొందము. ఈ కార్ల నిర్మాణము 2014లో ఉత్తరపారాలో నిలిచిపోయినను, పాత బండ్లు కొన్ని నేటికిని తిరుగుచున్నవి. కార్బురేటరుగల ఆ ఇంజను నడచుటకు గాలితో తగుపాళ్లలో కలిసిన పెట్రోలును, సకాలమున నిప్పురవ్వయు కావలయును. బండి ఆగినప్పుడు వీనిలో నేది లోపించెనో మొదట విచారింపవలయును.

ఆగు విధమే కొంత సూచన నిచ్చును. తాళము త్రిప్పి ఆర్పినట్లు ఒక్కసారిగా ఆగినచో నిప్పురవ్వను శంకింపవలెను. బలము తగ్గి, కుదుపులతో ఈడ్చుకొనుచు ఆగినచో పెట్రోలు అందుటలేదని తలపవచ్చును. ఇది సూచనయే గాని నిర్ణయము కాదు.

పెట్రోలు అందకపోవుటకు మూడు కారణములు తరచుగా కనబడును. ట్యాంకు మూతలోని గాలిరంధ్రము పూడినచో, పెట్రోలు తగ్గినకొలది లోపలి గాలియొత్తిడియు తగ్గి, పంపు పెట్రోలును లాగజాలదు. మూత తీయగానే గాలి బుస్సున లోనికిపోయి, బండి మరల నడచినచో దోషమచ్చటనే యుండవచ్చును. రెండవది ట్యాంకులోని తుప్పు, మడ్డి. అది పెట్రోలుతో కొట్టుకొనివచ్చి గొట్టపు మూతి నడ్డగించును. ఇంజను ఆగగానే క్రిందికి జారును. మూడవది వేసవి వేడి. పెట్రోలులోని తేలికపాటి అంశములు 40 డిగ్రీల సమీపముననే ఆవిరియగును. గొట్టములో ఆవిరి నిండినచో పంపు దానిని ముందునకు త్రోయలేదు.

నిప్పురవ్వ సంగతియు నిట్టిదే. కాయిలులోని తీగచుట్ట వేడికి చెడి, చల్లారిన పిదప మరల పనిచేయుట కలదు. కండెన్సరును అట్లే చేయవచ్చును. డిస్ట్రిబ్యూటరులోని సన్నని తీగ లోపల తెగి, కదలికనుబట్టి ఒకప్పుడు కలియును, ఒకప్పుడు విడిపోవును. పాయింట్ల నడుమ సుమారు 0.015 అంగుళముల యెడముండవలెను. అవి అరిగి యెడము తప్పినను చిక్కే.

పరీక్ష బండి చల్లారకముందే జరుగవలయును. ప్లగ్గు తీగకు వేరొక మంచి ప్లగ్గును తగిలించి, దానిని ఇంజను లోహమునకు ఆనించి స్టార్టరు త్రిప్పగా, బలమైన నీలిరవ్వ వచ్చినచో పెట్రోలు దారిని వెదకవలెను. రానిచో విద్యుత్తు దారిని వెదకవలెను. ఆ తీగలో వేలకొలది వోల్టుల విద్యుత్తు ప్రవహించును. చెంత పెట్రోలు ఆవిరియు నుండవచ్చును. కావున నీ పని తెలిసినవారే చేయవలెను. విద్యార్థులు దూరముగా నిలిచి చూడవలెను.

అయినను విద్యార్థులు చేయదగిన సాయమొకటి కలదు. బండి యెన్ని కిలోమీటర్లు నడచి ఆగెను, ట్యాంకులో పెట్రోలెంత, ఎండ యెట్లుండెను, ఎంతసేపటికి మరల కదలెను అను వివరములను ఒక పుస్తకమున వ్రాసియుంచవలెను. నాలుగైదుసార్ల లెక్క చూడగా దోషపు జాడ తెలియును. భాగములనుకూడ ఒక్కొక్కటిగానే మార్చవలెను. రెండింటి నొకసారి మార్చినచో, దోషము పోయినను ఏది చెడినదో తెలియదు.

బండి పట్టాలపై ఆగినచో మాత్రము ఈ విచారణ లేవియు వలదు. అందరును వెంటనే దిగి, పట్టాలకు దూరముగా పోయి, గేటువానికి తెలుపవలయును. బండి సంగతి తరువాత చూచుకొనవచ్చును.